పాతవి చేసిన అంగీలు

2024 నవంబర్ 3, ఆదివారం. కనిష్ఠ ఉష్ణోగ్రత 17.2

నా ఆడబిడ్డ క్యాథరిన్ నిన్న కరీంనగర్ నుంచి కాన్పుకు వచ్చింది. తొమ్మిదో నెల. ఇవాళ ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో అత్తమ్మ ఆడవాళ్ల మధ్య నిలబడి, పుట్టబోయే బిడ్డకు మొదట తొడగడానికి పాత అంగీలు కావాలని అడిగింది. కొత్తవి తర్వాతే. జబ్బు పడకుండా బలంగా పెరిగిన పిల్లల ఒంటి మీద నుంచి వచ్చినవే కావాలి. ఐదుగురిని అడిగింది. వరసలో ఆరో మనిషిని నేను. నన్ను దాటి పాస్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

మా మంచం కింద ఇనుప పెట్టెలో ముప్పై ఒక్క అంగీలు ఉన్నాయి.

నాకు బాధ కలగలేదు. జరిగింది కాబట్టి రాస్తున్నాను.

నవంబర్ 4. 16.8

పెట్టె తెరవలేదు.

నవంబర్ 5. 16.9

తెరవలేదు.

నవంబర్ 9, రెండో శనివారం. 15.4

మా ఆయన డేవిడ్ బస్ డిపోలో డ్యూటీలో ఉన్నాడు. పెట్టె తెరిచాను. తొడిగినవి పంతొమ్మిది. తొడగనివి పన్నెండు, ట్యాగులతో ఉన్నాయి.

ఎలా ఎంచానో గుర్తుంది. నేను పనిచేసే వ్యవసాయ పరిశోధన ఫారంలో నా బల్ల ఎదురుగా గోడకు ముప్పై ఏళ్ల ఉష్ణోగ్రతల సగటు పట్టిక ఉంటుంది. ఏ నెలలో రాత్రి ఎంత చల్లబడుతుందో చూసి, ఆ నెలకు మా బాబుకు ఎన్ని నెలలు నిండుతాయో లెక్కేసి కొన్నాను. ఆగస్టులో పుట్టాడు. ఆ ఉక్కకు చేతులు లేనివి, ముందు ముడి వేసేవి, పల్చటి నూలువి. అక్టోబర్‌కు పొడుగు చేతులవి. డిసెంబర్‌కు పాదాలు కూడా కప్పే ఫ్లానెల్. మనం వేసుకునే దానికంటే ఒక పొర ఎక్కువ వేస్తే చాలని పిల్లల డాక్టర్ చెప్పాడు. గదిలో నిద్రపుచ్చినప్పుడు తల కప్పొద్దని కూడా చెప్పాడు.

తొడగని పన్నెండూ వేసవివి. కిందటి డిసెంబర్‌లోనే కరీంనగర్‌లో కొన్నాను, ఏప్రిల్‌కు ఎనిమిది నెలలు వస్తాయని ఆ సైజు. డేవిడ్ నవ్వాడు. చలికాలంలో ఎండాకాలం బట్టలు కొనే మనిషిని చూడలేదన్నాడు.

ఈ ఏడాది జనవరి 9న వాడు పోయాడు. ఆ రాత్రి కనిష్ఠం 7.8. ఒంటి మీద నూలు అంగి, దాని మీద ఫ్లానెల్, కాళ్లకు సాక్సులు. తలకు టోపీ లేదు.

ఇన్ని వివరాల్లో చివరిదొక్కటే ఊరంతా తిరిగింది.

నవంబర్ 14. 14.1

మధ్యాహ్నం నసీమా స్కూటీ మీద ఫారంకు వచ్చింది. అత్తమ్మ ఇంటి పక్క ఇల్లే వాళ్లది. భర్త నజీరుద్దీన్‌కు రజాయిల దుకాణం. మేం ఈ క్వార్టర్‌కు మారకముందు నాలుగేళ్లు ఆమె గోడ, మా గోడ ఒకటే.

అత్తమ్మ నసీమా కొడుకు రాహిల్ బట్టలు అడిగిందట. రాహిల్‌కు రెండున్నరేళ్లు. ఒక్కసారి కూడా ఆసుపత్రి గడప తొక్కలేదు.

"వాటిని మంథనిల మా చెల్లెకు ఎప్పుడో ఇచ్చేసిన. లేవని చెప్పనీకి నోరు రాలే, సలోమక్కా. గల్లీ మొత్తంల నా కొడుకే గట్టిగున్నడట. గా మాట విన్నంక లేవని ఎట్లంట?"

తర్వాత నా వైపు చూడకుండా, నా దగ్గర ఉన్నాయి కదా, ఇస్తే తనవని చెప్పి ఇస్తానంది.

కుదరదని చెప్పాను. కారణాలు రెండు. వాడు తొడిగినవి అత్తమ్మ చూడగానే గుర్తుపడుతుంది, రోజూ ఉతికింది ఆమే. తొడగనివి పెద్ద సైజు, పైగా వేసవివి. డిసెంబర్‌లో పుట్టే బిడ్డకు పనికిరావు.

"అయితే కొత్తయి కొని పాతయి చెయ్యి. మా ఆయన పాత దూదితోని కొత్త రజాయి చేస్తలేడా? నువ్వు ఉల్టా చెయ్యి."

తొమ్మిదేళ్లుగా ఇక్కడ థర్మామీటర్ చూస్తున్నాను, ఒక్క రీడింగు కూడా చూడకుండా రాయలేదు, అబద్ధం నాకు చేతకాదని అన్నాను.

"అబద్ధం నేను చెప్త. నువ్వు ఉతుకు."

ఆ తర్వాత గంటసేపు వేరే కబుర్లు చెప్పింది. రాహిల్ పుట్టినప్పటి ఎండలు, నజీరుద్దీన్ అప్పు చేసి తెచ్చిన కూలర్, తన బాలింతతనం అంతా దాని ముందే గడిచిపోవడం. నేను వింటూ సైజులు ఆలోచిస్తున్నాను.

నవంబర్ 16. 13.7

సంపత్ పిల్లల బట్టల దుకాణానికి వెళ్లాను. ఎలుగుబంటి చెవులున్న మెత్తటి నైట్ సూట్లు ముందు పరిచాడు. చలికి ఇవే పోతున్నాయన్నాడు. చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది, పాలిస్టర్. చెమట పీల్చదు. ఫ్లానెల్ అడిగాను. లోపలి కుట్లు తిప్పి చూశాను. మెడ దగ్గర లేబుల్ గరుకుగా ఉన్నవి పక్కన పెట్టాను. జిప్పు వద్దు, గుండీలు చాలు, అవి కూడా ముందు వైపే. మెడకు తాడు ఉన్నవి వద్దు. ఎనిమిది ఎంచాను. నాలుగు నూలువి లోపలికి, నాలుగు ఫ్లానెల్ పైకి.

పాపకు ఎన్ని నెలలని అడిగాడు. ఇంకా పుట్టలేదన్నాను. చేతిలో ఉన్న మడత ఆపి నా మొహం చూశాడు. పుట్టకముందు ఎవరూ కొనరు. కట్టి ఇచ్చాడు. టోపీ ఉచితం అన్నాడు. వద్దన్నాను.

నవంబర్ 18. 13.9

రెండు ఉతుకులు.

నవంబర్ 21. 12.8

ఏడు. రంగు కదల్లేదు. బోరు నీళ్లకు సబ్బు నురగ రాదు కానీ బట్ట మాత్రం బిరుసెక్కుతుంది. పాతబడటం వేరు, బిరుసెక్కడం వేరు.

నవంబర్ 24, ఆదివారం. 12.2

పదమూడు. చర్చికి వెళ్లలేదు.

చిన్న పిల్లల బట్ట ఎక్కడ పాతబడుతుందో కూర్చుని ఆలోచించాను. పెట్టెలోవి తీసి చూశాను. మెడ దగ్గర, పాలు కక్కిన చోట పసుపుపచ్చగా. వెనుక కింద, తడిసి ఆరి రంగు పోయి. రెండో గుండీ దగ్గర, తొందరలో లాగినందుకు కాజా సాగి. మోకాళ్లు మాత్రం కొత్తగానే ఉన్నాయి. పాకే వయసు రాలేదు కాబట్టి.

కొత్తవాటి మెడలకు పాలు రాసి ఎండబెట్టాను. రెండో కాజాలో వేలు పెట్టి తిప్పాను. ఆధారాలు తయారు చేస్తున్నాను. ఉద్యోగంలో ఈ పని చేస్తే నన్ను తీసేస్తారు.

నవంబర్ 26. 12.0

తీగ మీద ఎనిమిది అంగీలు. డేవిడ్ డ్యూటీ దిగి వచ్చి, వాటి కింద నుంచి తల వంచి ఇంట్లోకి వచ్చాడు. చూడలేదనుకుంటాను.

డిసెంబర్ 1. 11.6

ఇరవై రెండు ఉతుకులు. నసీమా వచ్చి తీసుకెళ్లింది. ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నా ముందు తన కొడుకు పేరు ఎత్తలేక, అచ్చం అట్లనే ఉన్నయ్ అంది.

డిసెంబర్ 6. 11.3

ఆడపిల్ల. 2 కిలోల 800. మధ్యాహ్నం ఒకటీ పదికి. ఫొటో డేవిడ్ ఫోన్‌లో చూశాను. పసుపు రంగు నూలు అంగి. మొదట తొడిగేటప్పుడు అత్తమ్మ ప్రార్థన చేసి, నసీమా ఇంటి బలం ఈ బిడ్డకు రావాలని అడిగిందట.

దేవుడు ఎవరి ఇంటి వైపు చూశాడో తెలియదు.

డిసెంబర్ 15, ఆదివారం. 8.8

పాపను చూడటానికి వెళ్లాం. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. చేతులు కడుక్కున్నాను అని రెండుసార్లు చెప్పాను. బయటి నుంచి వచ్చిన ఒళ్లు అని అత్తమ్మ స్టూలు గుమ్మం పక్కన వేసింది. నసీమా కూడా బయటి నుంచే వచ్చింది. పాప ఆమె ఒళ్లో ఉంది.

లోపల నూలు, పైన ఫ్లానెల్. అవి రెండూ నావి. దాని మీద కరీంనగర్ వాళ్లు పంపిన ఉన్ని స్వెటర్, మీద రజాయి, తలకు ఉన్ని టోపీ. కిటికీలు మూసి ఉన్నాయి. పాప ముఖం ఎర్రగా ఉంది. గదిలో నిద్రకు టోపీ అక్కర్లేదు, స్వెటర్ తీస్తే చాలు అన్నాను.

క్యాథరిన్ తల వంచుకుంది. అత్తమ్మ నా వైపు తిరిగి, గొంతు పెంచకుండా చెప్పింది.

"నీ మాట ఒక్కసారి విన్నం గద బిడ్డా. సాలు."

డేవిడ్ అక్కడే ఉన్నాడు. పాప గోళ్లు ఎంత చిన్నగా ఉన్నాయో అని అన్నాడు.

డిసెంబర్ 25. 8.1

క్రిస్మస్. పాస్టరమ్మ నాతో చేయి కలిపి, పాప ఎలా ఉందని అత్తమ్మను అడిగింది.

2025 జనవరి 9. 7.4

ఏడాది.

డేవిడ్ తొందరగా వచ్చాడు. ఇద్దరం అన్నం తిన్నాం. కాగితం ఎక్కడుందని అడిగాను. డిపోలో తన పనిముట్ల లాకర్‌లో ఉందన్నాడు.

ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు. ఇక్కడ రాస్తాను. 2023 నవంబర్‌లో హైదరాబాద్‌లో వాడి గుండె స్కాన్ చేయించాం. ఆ కాగితమే అది. రంధ్రం ఉంది, పెద్దది. బరువు పెరిగాక ఆపరేషన్ అన్నారు. సరిగ్గా అప్పుడే క్యాథరిన్‌కు కరీంనగర్ సంబంధం మాటల్లో ఉంది. ఇంట్లో గుండె జబ్బుందని తెలిస్తే వాళ్లు వెనక్కి పోతారని, పెళ్లి అయ్యేదాకా తన అవ్వకు, అంటే అత్తమ్మకు కూడా చెప్పొద్దని డేవిడ్ అన్నాడు. ఒప్పుకున్నాను. జనవరిలో వాడు పోయాడు. ఫిబ్రవరిలో పెళ్లి జరిగింది. మార్చిలో నేనే అత్తమ్మకు చెప్పాను. ఆమె నమ్మలేదు. కొడుకు వైపు చూసింది.

"డాక్టర్లు ఏదో ఒకటి అంటరవ్వా," అన్నాడు డేవిడ్.

ఆ రోజు నుంచి కారణం టోపీ.

పాపకు కూడా ఒకసారి గుండె చూపిస్తే మంచిది. నేను చెబితే ఎవరు వింటారు.

జనవరి 17. 9.0

నసీమా ఫోన్. పాపకు మెడ కింద, తల వెనుక చెమటకాయలు. రాత్రంతా ఏడుస్తోందట. పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే చలికాలంలో ఇదేం చెమట అని కోప్పడి, టోపీ, స్వెటర్ అక్కడే తీయించాడట. మీకంటే ఒక పొర ఎక్కువ చాలన్నాడట. అవే మాటలు.

అత్తమ్మ తేల్చిన విషయం: కరీంనగర్ స్వెటర్‌లో దోషం ఉంది. నసీమా ఇచ్చిన అంగీలే మంచివి.

ఫోన్‌లో నసీమా నవ్వింది. నేను కూడా నవ్వాను. రెండు నిమిషాల దాకా ఆగలేదు.

జనవరి 18. 9.3

ఇవాళ రీడింగు ఒకసారి తప్పు రాసి కొట్టేశాను. 9 బదులు 6.

మార్చి 23. 21.5

నసీమా వచ్చింది. ఎండలకు అంగీలు కావాలని అత్తమ్మ మళ్లీ అడిగిందట. నసీమా చెయ్యి మంచిదట, చలికాలం గట్టెక్కించిందట. పాపకు నాలుగో నెల.

పన్నెండూ తీశాను. కాస్త వదులవుతాయి. వేసవిలో వదులే మంచిది. చేతులు లేని పల్చటివి, ఎక్కువగా తొడల దాకా ఉన్నవి, లేత రంగువి. కత్తెరతో ట్యాగులు కత్తిరించాను. కొన్న తేదీ అచ్చులో ఉంది, 2023 డిసెంబర్ 19. పారేయకుండా కవర్లో పెట్టాను.

మార్చి 27. 22.8

తొమ్మిది ఉతుకులు. ఎండకు గంటలో ఆరిపోతున్నాయి. వేసవివి తొందరగా పాతబడతాయి.

ఇవాళ ఒక తప్పు చేశాను. ఆరేసేటప్పుడు చూసుకున్నాను. పన్నెండింటిలో నాలుగింటికి కాళ్లు మోకాళ్ల కిందిదాకా ఉన్నాయి. ఆ నాలుగింటి మోకాళ్లనూ బండకేసి రుద్దాను. పోగులు తేలాయి. నాలుగు నెలల పిల్ల పాకదు. మోకాళ్లు అరగవు.

కానీ ఇవి కొన్నది ఎనిమిది నెలలకు.

ఆ నాలుగూ ఇవ్వలేదు. మళ్లీ పెట్టెలో పెట్టాను.

ఏప్రిల్ 20. గరిష్ఠం 42.6

ఈస్టర్. పాపను చర్చికి తెచ్చారు. ఆకుపచ్చ చుక్కలది తొడిగారు. నేను మూడు వరసల వెనుక కూర్చున్నాను. రాహిల్‌ది ఎంత మంచిగ కుదిరిందో అని అత్తమ్మ పాస్టరమ్మకు చెప్పడం వినబడింది.

మే 4, ఆదివారం. గరిష్ఠం 43.9

క్యాథరిన్ రేపు కరీంనగర్ వెళ్తుంది. ఐదో నెల. భోజనానికి పిలిచారు. అత్తమ్మ అందరి ముందు నసీమాకు చీర పెట్టింది. ఎవరి బట్టలో ఎవరి రాతనో, ఈ బిడ్డకు నీ ఇంటి చలువ తగిలింది అంది. నసీమా చీర పట్టుకుని నా వైపు చూసింది. నోరు తెరవబోయింది. నేను తల అడ్డంగా ఊపాను. ఎందుకు ఊపానో తెలియదు. తెలుసు. నిజం బయటపడితే ఆ అంగీలన్నీ ఆ సాయంత్రమే చెత్తకుండీలోకి పోతాయి.

తర్వాత క్యాథరిన్ బట్టలు సర్దుతూ నన్ను గదిలోకి పిలిచింది. తలుపు దగ్గరగా వేసింది. ఒక ఫ్లానెల్ అంగి చేతిలో పట్టుకుంది.

"వదినా, రాహిల్ పుట్టింది మే నెలల. గప్పుడు నేను పరీక్షలకు నసీమక్క కూలర్ ముంగట కూసోని చదువుకుంటున్న. పుట్టిన పిల్లగానికి ఎండల ఫ్లానెల్ ఎవ్వరు తొడుగుతరు?"

పుట్టిన పిల్లల సైజు, చలికాలం బట్ట. ఆ రెండూ రాహిల్‌కు ఎప్పుడూ కలవవు. తొమ్మిదేళ్లుగా నెలల పట్టిక ఎదురుగా కూర్చుని పనిచేస్తున్నాను. కూలర్ సంగతి విని కూడా నాకు తట్టలేదు.

ఎప్పుడు తెలిసిందని అడిగాను. మొదటి రోజేనట.

"తెలిసి ఎందుకు ఏసినవ్?"

"మంచిగున్నయ్ గద. అవ్వకు చెప్తే తీసి పారేస్తుండె."

పాప మంచం మీద ఉంది. ఒకసారి ఎత్తుకుంటానన్నాను. క్యాథరిన్ తలుపు వైపు చూసింది. వంటింట్లో అత్తమ్మ గిన్నెల చప్పుడు.

"ఇప్పుడు వద్దు వదినా. అవ్వ వస్తది. కరీంనగర్ రా, గక్కడ ఎత్తుకో."

సరే అన్నాను. తలుపు దాకా వచ్చాక వెనక నుంచి అంది.

"వానకాలానికి గూడ జర చూడు. నసీమక్క పేరు మీదనే పంపు."

దానికి కూడా సరే అన్నాను.

మే 5. గరిష్ఠం 44.1

ఆమె పెళ్లి కోసమే నోరు మూసుకున్నాను.

మే 6. గరిష్ఠం 44.0

ఆ వాక్యం నిన్న రాసి కొట్టేయాలనుకున్నాను. చదివి చూశాను. తప్పేమీ లేదు. ఉంచుతున్నాను.

జూన్ 8. కనిష్ఠం 26.3

మొదటి వాన, పద్దెనిమిది మిల్లీమీటర్లు.

కరీంనగర్ పట్టిక తెప్పించుకున్నాను. అక్కడ రాత్రి మాకంటే ఒకటి రెండు డిగ్రీలు వెచ్చన. వానాకాలంలో చలి కాదు సమస్య. ఉతికింది ఆరదు, దోమలు కుడతాయి. అందుకని పల్చటి నూలే, కానీ కాళ్లు, చేతులు పూర్తిగా కప్పేవి. రెండు మూడు ఎక్కువ ఉండాలి. తొమ్మిది నెలల సైజు. ఆ సైజులో వానాకాలం బట్ట నా పెట్టెలో లేదు. వాడికి రెండో వానాకాలం నేను కొనలేదు.

సంపత్ దుకాణంలో ఆరు ఎంచాను. ఈసారి వయసు అడగలేదు అతను.

జూన్ 11. 25.8

కాగితం తెమ్మని డేవిడ్‌కు చెప్పి మూడు రోజులు. రోజూ మరిచిపోతున్నాడు. ఇవాళ నేనే డిపోకు వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. మెకానిక్‌లందరూ చూస్తున్నారు. డేవిడ్ లోపలికి పోయి తెచ్చి ఇచ్చాడు. మడత దగ్గర గ్రీజు మరక. అక్షరాలు చెరగలేదు. జోయెల్, మూడు నెలలు, మగ. కింద రంధ్రం కొలత మిల్లీమీటర్లలో.

"ఇప్పుడు దీంతోని ఏం జేస్తవ్?"

"చదివిపిస్త."

ఎవరితోనని అడగలేదు.

జూన్ 12. 25.5

ఆరు అంగీలు ఉతకలేదు. ట్యాగులు కత్తిరించలేదు. మధ్యలో కాగితం నకలు పెట్టాను. ఒక చీటీ మీద రెండు వాక్యాలు రాశాను. నీ పెళ్లికి ముందు మేం దాచిన కాగితం ఇది. పాపకు ఒకసారి గుండె స్కాన్ చేయించు.

బస్టాండు పార్సిల్ కౌంటర్‌లో పంపేవారి పేరు అడిగారు. రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

సలోమి, అని చెప్పాను.

జూన్ 13. 25.9

పార్సిల్ అందినట్టు ఫోన్‌కు మెసేజ్.

జూన్ 17. 25.1

క్యాథరిన్ ఫోన్ చేయలేదు. ఫొటో రాలేదు. నసీమాను అడిగితే, అత్తమ్మ మొన్న ఉన్నట్టుండి కరీంనగర్ బస్సెక్కిందని చెప్పింది.

జూన్ 19. 24.9

ఏమీ లేదు.

జూన్ 22, ఆదివారం. 24.6

సాయంత్రం అత్తమ్మ ఫోన్ చేసింది. నా నంబరుకు. ఏడాదిన్నరలో మొదటిసారి.

పాపకు స్కాన్ తీయించారట. గుండె బాగుందట. నా క్షేమం అడగలేదు. కాగితం క్యాథరిన్ చదివి చెప్పిందని, రెండుసార్లు చదివించుకున్నానని అంది. వెనుక పాప ఏదో గొణుగుతోంది.

"గిది డేవిడ్‌కు ఎరికేనా?"

"ఎరికే."

"మొదటిసంది?"

"మొదటిసంది, అత్తమ్మా. నా పక్కనే ఉండె."

ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను. పెట్టలేదు.

"ఈడ వాన పడ్డది. రాత్రి గాలి సల్లగున్నది. పిల్లకు టోపీ పెట్టాల్నా, వద్దా?"

పదిహేడు నెలలు. ఆ ప్రశ్నకు జవాబు అప్పుడూ ఇదే.

"వద్దు," అన్నాను.

మంచిది అని పెట్టేసింది. క్షమించమని అనలేదు. నేను కూడా అనిపించుకోవాలని చూడలేదు. చూశాను. అనలేదు.

డేవిడ్ గడప మీద కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. పక్కన పెట్టిన ఫోన్ మోగింది. తెర మీద అవ్వ అని ఉంది. ఎత్తలేదు. నా వైపు చూశాడు. నేను తీగ మీది బట్టలు తీయడానికి బయటికి వెళ్లాను. నాలుగు చినుకులు పడ్డాయి.

మళ్లీ మోగింది.